రెండో గొంతు

ఆమెకి సరేనమ్మ అని పేరు పెట్టింది నేనే. తప్పు ఒప్పుకుంటున్నాను. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ, ఆసుపత్రి మొత్తంలో ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. వార్డు సిస్టర్లు, లిఫ్టు దగ్గర మనిషి, ఆఖరికి మా డాక్టరుగారు కూడా సరేనమ్మ అనే అనేవారు. ఎవరేం అడిగినా ఆమె నోట ఒకటే మాట: "సరేనమ్మా", "సరేనండీ", "సరే సార్." నోట్లో నాలుక లేని మనిషి అనుకునేరు. నాలుక ఉంది, మంచి మాటకారి కూడా. కాదనడం ఒక్కటే రాదు.

నేను బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర మనిషిని. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. వార్డుల నుంచి వచ్చే ఫారాలూ, రక్తం శాంపిల్ గొట్టాలూ తీసుకుని, రోగి నంబరు వేసి లోపలికి అందించడం నా పని. నా వెనక ఒక అద్దం తలుపు. దాని వెనక గదిలో మూడు పెద్ద ఫ్రిజ్‌లు, ఒక పొడవాటి స్టీలు బల్ల, గోడకి చేతులు కడుక్కునే తొట్టి. ఆ గదికి కిటికీ లేదు. లోపలున్న మనిషికి బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో నేను చెబితేనే తెలుస్తుంది. సరేనమ్మ అక్కడ టెక్నీషియన్. పదిహేనేళ్ళ సర్వీసు, నలభై ఒక్కేళ్ళ వయసు, కళ్ళకింద మాత్రం యాభై ఏళ్ళ నలుపు.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. గోడమీద పెద్ద అక్షరాలతో రాసి కూడా ఉంది. రక్తం బ్యాగు బయటికి వెళ్ళేముందు ఇద్దరు మనుషులు బల్లకి చెరోవైపు నిలబడాలి. ఒకరు బ్యాగు చేత్తో పట్టుకుని దానిమీదున్నవన్నీ పైకి చదవాలి: బ్యాగు నంబరు, గ్రూపు, గడువు తేదీ, రోగి నంబరు, అంకె తర్వాత అంకె. రెండోవాళ్ళు ఫారం మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చూసుకుంటూ, అన్నీ కలిశాక "సరే" అనాలి. ఆ తర్వాత ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఆ ఇద్దరూ టెక్నీషియన్లో డాక్టర్లో అయ్యుండాలి, కిటికీ దగ్గర కూర్చునే నాలాంటివాళ్ళు పనికిరారు. చదివేది మొదటి గొంతు, సరే అనేది రెండో గొంతు. ఒక గ్రూపు వాళ్ళకి ఇంకో గ్రూపు రక్తం ఎక్కితే ఏమవుతుందో మాకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. నేను చేరిన కొత్తలో, ఇంకో ఆసుపత్రిలో అలా జరిగి మనిషి పోయాడని విన్నప్పుడు రెండు రోజులు అన్నం సయించలేదు.

పద్నాలుగు నెలల క్రితం సరేనమ్మకి జతగా ఉండే టెక్నీషియన్ ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. "మనిషిని వేస్తాం, ఓ వారం సర్దుకో" అన్నారు డాక్టరుగారు, అంటే మా బ్లడ్ బ్యాంకు ఇన్‌చార్జి. సరే సార్ అంది. వారం కాస్తా నెలైంది, నెల కాస్తా ఏడాది దాటింది. రెండో మనిషి లేడు, రెండో గొంతు మాత్రం కావాలి. అదీ ఆమే అయింది.

మొదట్లో చూడాలి ఆ తమాషా. బల్లకి ఇటువైపు నిలబడి మామూలు గొంతుతో చదివేది. బ్యాగు బల్లమీద పెట్టి, చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళి, ఫారం అందుకుని, వేలు పెట్టి చూసుకుని, మగగొంతు పెట్టి బరువుగా "సరే" అనేది. నేను అద్దంలోంచి చూసి పడీపడీ నవ్వేదాన్ని. "మా సరేనమ్మ డబుల్ యాక్షన్ చూడండి" అని సిస్టర్లని పిలిచి మరీ చూపించాను. ఆమె కూడా నవ్వేది. రెండో సంతకం సంగతంటారా, సాయంత్రం షిఫ్టు ఆవిడ వచ్చాక పొద్దుటి బ్యాగులన్నిటికీ ఒక్కసారే వరసగా గీసేసేది. డాక్టరుగారికి తెలుసు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అందరం కళ్ళు మూసుకున్నాం.

కొన్నాళ్ళకి ఆమె బల్ల చుట్టూ తిరగడం మానేసింది. నిలబడ్డచోటే ఇటు తిరిగి చదివి, అటు తిరిగి సరే అనేది. ఇంకొన్నాళ్ళకి తిరగడం కూడా పోయింది, గొంతు మాత్రం మారేది. ఆ తర్వాత గొంతు మారడం కూడా ఆగిపోయింది. చదవడం, సరే అనడం ఒకే ఊపిరిలో, ఒకే గొంతులో, మధ్యలో సందు లేకుండా. అది నేను గమనించాను. గమనించి కూడా ఏమీ అనలేదు. ఎందుకంటే నాకూ ఆమెతో పనుంది.

మా మనవరాలి బడి గురువారాలు మూడింటికే వదిలేస్తారు. నా డ్యూటీ ఆరింటిదాకా. సరేనమ్మ షిఫ్టు రెండింటికి అయిపోతుంది. అందుకని ప్రతి గురువారం ఆమె ఇంటికి వెళ్ళకుండా నా కుర్చీలో కూర్చునేది, నేను వెళ్ళి పిల్లని దింపి వచ్చేదాకా. ఏడాదిన్నర నుంచీ అంతే. మొదటిసారి అడిగాను, ఆ తర్వాత అడగడం కూడా మానేసి చెప్పులేసుకుని లేచేదాన్ని.

నేనొక్కదాన్నే కాదు లెండి. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, ప్రతివాళ్ళూ అంతే. సాయంత్రం షిఫ్టు ఆవిడ పిల్లాడికి జ్వరమంటే ఆమె షిఫ్టు కూడా ఈమే. సరేనమ్మ తోటికోడలి పుట్టింటివాళ్ళకి టెస్టులు చేయించాలంటే ఈమే. వాళ్ళాయన డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తాడు. ఊరందరికీ బ్రేకు ఎప్పుడు వెయ్యాలో చెప్పే మనిషి, ఇంట్లో మాత్రం ఈమెకి ఒక్కసారి కూడా ఆగమని చెప్పలేదు. చెడ్డవాడు కాదు. అడిగితే అయిపోతుంది కదా అని అడుగుతాడు. తొమ్మిదో తరగతి చదివే కూతురు కూడా అంతే, తండ్రికి తగ్గ బిడ్డ.

మధ్యలో ఒకరోజు ఆసుపత్రివాళ్ళు ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా అని ఒక మీటింగు పెట్టారు. తెల్లచొక్కా ఆయనెవరో వచ్చి, గట్టిగా ఊపిరి పీల్చండి, వదలండి, రోజుకి పది గ్లాసుల నీళ్ళు తాగండి, మీకోసం కొంచెం సమయం ఉంచుకోండి అని చెప్పాడు. సరేనమ్మ మొదటి ఊపిరి పీల్చేలోపే ఆపరేషన్ థియేటర్ నుంచి ఫోనొచ్చింది. పీల్చింది పీల్చినట్టే లేచి వెళ్ళిపోయింది. తర్వాత ఆ మాట చెప్పి నేను నవ్వబోతే, ఆమె చాలా మామూలుగా అంది: "నీళ్ళు తాగడం మానేశానక్కా. తాగితే బాత్రూముకి వెళ్ళాలి. గది ఎవరికి వదిలి వెళ్ళను?" ఆ మాటకి నాకు నవ్వు రాలేదు.

ఆ నెలలో ఆమె పదకొండు రోజులు రెండేసి షిఫ్టులు చేసింది. తెచ్చుకున్న డబ్బా తెచ్చుకున్నట్టే ఇంటికి వెళ్ళిపోయేది. ఒకరోజు రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు వేసుకొచ్చింది, సాయంత్రం నేను చూపించేదాకా తెలీదు. పలకరిస్తే ఒక్క క్షణం నా మొహంలోకి తెలియనిదానిలా చూసి, అప్పుడు "సరేనక్కా" అనేది. నేను ఏమీ అడగనే లేదు.

ఇక అసలు సంగతి. ఆరోజు పొద్దున ఆరింటికి వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాల్సింది, సాయంత్రం షిఫ్టు ఆవిడ రాక నాలుగున్నర అయింది. అప్పుడు రెండు ఫారాలు దాదాపు ఒకేసారి వచ్చాయి. నంబర్లు వేసింది నేనే కాబట్టి బాగా గుర్తు: ఒకటి 4618, ఇంకోటి 4681. గ్రూపులు వేరు. మొదటిది థియేటర్లో ఉన్న తాపీమేస్త్రీకి, మూడో అంతస్తు పరంజా మీంచి పడ్డాడు. రెండోది పైవార్డులో ముసలాయనకి, మర్నాటి ఆపరేషన్‌కి సిద్ధంగా ఉంచాలి. రెండు బ్యాగులూ బల్లమీద పక్కపక్కనే ఉన్నాయి. థియేటర్ మనిషి తొందర పెడుతున్నాడు. సరేనమ్మ ఒక బ్యాగు ఐసుపెట్టెలో పెట్టి అందించింది, ఇంకోటి ఫ్రిజ్‌లో పెట్టేసింది, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం షిఫ్టు ఆవిడ ఇంకో పది నిమిషాల్లో వస్తున్నానని అప్పటికే ఫోన్ చేసింది.

ఇక్కణ్ణుంచి బస్సులో జరిగింది ఆమె తర్వాత చెప్పింది. సీటు దొరికింది. ఫోను మోగింది. కూతురు ఏదో అడిగింది, ఈమె "సరే" అంది.

"ఏంటమ్మా సరే?" అంది ఆ పిల్ల.

"నువ్వడిగావుగా, సరే అన్నాను."

"నేను ఏమడిగానో చెప్పు."

ఈమెకి ఏమీ గుర్తు రాలేదు. ఒక్క ముక్క కూడా.

"నువ్వెక్కడున్నావని అడిగాను. దానికి సరే ఏంటి? అమ్మా, నేనింకా అడగడం మొదలుపెట్టకముందే సరే అంటున్నావు నువ్వు. రోజూ అంతే."

పిల్ల విసుగ్గా ఫోన్ పెట్టేసింది. సరేనమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఇందాకటి బ్యాగు గురించి ఆలోచించింది. చదివానా? తన గొంతు చదవడం గుర్తు తెచ్చుకోబోయింది. నంబరు వినిపించలేదు, గ్రూపు వినిపించలేదు. వినిపించింది చివరి మాట ఒక్కటే, "సరే." చేతిలో ఏ బ్యాగు ఉందో గుర్తు లేదు. కుడివైపుదా ఎడమవైపుదా అదీ గుర్తు లేదు. బస్సు స్టాపులో ఆగకముందే లేచి, తోసుకుంటూ దిగేసింది.

కిటికీ దగ్గర ఫోను మోగింది. ఆ గొంతు సరేనమ్మదని గుర్తుపట్టడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

"అక్కా, ఆ బ్యాగు ఆపించు."

"ఏ బ్యాగు?"

"థియేటర్‌ది. నేను చదవలేదక్కా. చదవకుండా సరే అన్నాను. ఆపించక్కా, నీకు పుణ్యముంటుంది."

ఫ్రిజ్‌లో ఉన్న రెండో బ్యాగు చూస్తే తెలిసిపోయేదే. ఆ బుద్ధి అప్పుడు పుట్టలేదు. థియేటర్‌కి ఫోన్ చేశాను, లైను ఖాళీ లేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. కుర్చీ వెనక్కి తోసి బయటపడ్డాను. లిఫ్టు నాలుగో అంతస్తులో ఉంది. రెండంతస్తులు మెట్లెక్కాను. నా మోకాళ్ళ సంగతి మా ఇంట్లోవాళ్ళని అడగండి, మంచం దిగడానికే అమ్మా అబ్బా అంటాను. ఆరోజు ఎలా ఎక్కానో నాకే తెలీదు.

థియేటర్ బయట నేలమీద ఎర్రగీత ఉంటుంది, అది దాటకూడదు. గీతకి ఇవతల బెంచీమీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది, ఒళ్ళో ప్లాస్టిక్ సంచి, అందులో సున్నం అంటిన మగవాళ్ళ చెప్పులు. మేస్త్రీ భార్య. నేను గీతమీద నిలబడి తలుపు బాదాను.

సిస్టర్ తలుపు తీసి, "ఏంటండీ ఈ గోల?" అంది.

"ఆ బ్యాగు ఎక్కించారా?"

"ఇప్పుడే తగిలించాం. ఏం?"

"ఆపండి. నంబరు చూడండి. 4618 అవునో కాదో చూడండి."

ఆమె మొహంలో రంగు మారింది. "మీరు చూసే పంపారు కదా" అంది. అని లోపలికి పరిగెత్తింది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో వినిపిస్తుంది. వాళ్ళు కూడా మంచం దగ్గర ఇంకోసారి చూసుకోవాలి, అది వాళ్ళ పద్ధతి. మేము చూశామని వాళ్ళు చూడలేదు. మేము వాళ్ళు చూస్తారులే అనుకున్నాం.

తలుపు మూసుకుంది. లోపల ఏం జరుగుతోందో తెలీదు. "ఏమైందమ్మా?" అని అడిగింది బెంచీమీది మనిషి. "ఏం లేదు" అన్నాను. "ఆయనకేనా?" అంది. "ఏం లేదమ్మా, కాగితం పని" అని అబద్ధమాడాను. ఆమె సంచీలోని చెప్పుల్ని పైనుంచే నిమురుతూ నావైపే చూస్తోంది. ఆమె కళ్ళల్లోకి చూడలేక గోడకేసి తిరిగాను. గోడమీద గడియారం ఉంది. అది చూడడం ఇంకా పెద్ద తప్పయింది. పదకొండు నిమిషాలు.

సిస్టర్ బయటికొచ్చి, మాస్కు కిందికి లాగి, "సరైనదే. 4618. గ్రూపు కూడా మళ్ళీ టెస్టు చేసి చూశాం, కలిసింది. అనవసరంగా మా ప్రాణాలు తీశారు" అంది. నేను ఆ ఎర్రగీత మీదే చతికిలబడ్డాను. మేస్త్రీ భార్య లేచి వచ్చి, పాపం, నన్నే పట్టుకుని లేవదీసింది.

సరేనమ్మకి ఫోన్ చేశాను. ఏదో బస్టాపు బెంచీమీద కూర్చుని ఉందట, చుట్టూ హారన్లు వినిపిస్తున్నాయి. "సరిగ్గానే ఉందే తల్లీ. నువ్వు సరైనదే ఇచ్చావు. లేచి ఇంటికెళ్ళు" అన్నాను. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. సంతోషంతో ఏడుస్తోందేమో అనుకున్నాను.

"ఎలా సరిగ్గా ఉందక్కా?" అంది. "నేను చదవలేదు కదా. ఎలా సరిగ్గా ఉంది?"

అలవాటు కొద్దీ చెయ్యి సరైన బ్యాగు మీదకి వెళ్ళి ఉంటుంది. లేదా అదృష్టం. ఆ రెండింట్లో ఏదని చెప్పినా ఆమెకి ఇంకా భయమేసేది. నాకే వేసింది.

మర్నాడు పొద్దున డాక్టరుగారు మా గదికి దిగి వచ్చారు. ఆయన మామూలుగా రారు, మనమే పైకి వెళ్ళాలి. "ఆపరేషన్ మధ్యలో పదకొండు నిమిషాలు రక్తం ఆపించారట. థియేటర్ వాళ్ళు నామీద విరుచుకుపడుతున్నారు. అంతా సరిగ్గానే ఉంది కదా, ఎందుకీ రాద్ధాంతం?" అన్నారు.

సరేనమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. రాత్రంతా నిద్ర లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. "సార్, నేను చదవకుండా ఇచ్చాను" అంది.

"కాగితం మీద సంతకం ఉందిగా?"

"మొదటిది నాదే సార్. రెండోది సాయంత్రం ఆవిడ వచ్చాక పెట్టింది. మీకు తెలుసు కదా సార్."

నేను కిటికీ దగ్గరుండి ఫారాలు సర్దుతున్నట్టు నటిస్తున్నాను. చెవులు మాత్రం వెనక్కే ఉన్నాయి.

"ఇవాళ్టి నుంచి రెండో మనిషి లేకుండా బ్యాగు ఇవ్వను సార్. షిఫ్టు అయ్యాక ఉండను. వారానికి ఒక్క డబుల్ డ్యూటీ, అంతకంటే చెయ్యలేను." ముందే రాసుకుని బట్టీపట్టినట్టు గబగబా చెప్పింది. పదిహేనేళ్ళలో ఆమె నోట 'లేను' అన్న మాట వినడం అదే మొదటిసారి.

"ఎవరున్నారమ్మా రెండో మనిషి? నేనెక్కణ్ణుంచి తేను?"

"మీరున్నారు సార్."

ఆయన ముందు నవ్వారు. ఆమె నవ్వట్లేదని చూసి ఆపారు. "నాకు పై పని లేదనుకున్నావా? ఇలాగైతే నీమీద పైకి రాయాల్సి వస్తుంది, ఆలోచించుకో" అని వెళ్ళిపోయారు. సరేనమ్మ తొట్టి దగ్గరికెళ్ళి చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. మళ్ళీ కడుక్కుంది.

నిజం చెప్పాలంటే ఆమె నిలబడుతుందని నేను అనుకోలేదు. రెండు గంటల్లో మళ్ళీ సరే అంటుందనుకున్నాను.

పదకొండు కావస్తుండగా కాన్పుల వార్డు ఆయా పరిగెత్తుకుంటూ వచ్చింది. కాన్పైంది, రక్తం ఆగట్లేదు, పొద్దునే బాలింత రక్తంతో మ్యాచ్ చేసి ఉంచిన బ్యాగు వెంటనే కావాలి. సరేనమ్మ ఫ్రిజ్ తెరిచి బ్యాగు తీసి, బల్లమీద పెట్టింది. ఫారం పక్కన పెట్టింది. బ్యాగు మీద చెయ్యి ఉంచి, నావైపు తిరిగి, "డాక్టరుగారికి ఫోన్ చెయ్యక్కా. రెండో మనిషి కావాలని చెప్పు" అంది.

"ఇవాళ్టికి నువ్వే..." అని నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఫోన్ చేశాను. "మీటింగులో ఉన్నాను" అన్నారాయన. "కాన్పుల వార్డు సార్, మనిషికి రక్తం పోతోంది. బ్యాగు బల్లమీద ఉంది. మీరొస్తే వెళుతుంది" అన్నాను. ఆయన ఏదో తిట్టి ఫోన్ పెట్టేశారు. వస్తున్నారో లేదో తెలీదు.

ఆయా అరుస్తోంది. "అక్కడ పసిబిడ్డ తల్లమ్మా, ఎదురుగా బ్యాగు పెట్టుకుని ఇవ్వరేంటి? మీకు పిల్లల్లేరా?" సరేనమ్మ కదల్లేదు. పెదాలు తెల్లగా అయిపోయాయి. నేను తలుపు దగ్గరికెళ్ళి, "ఆయన రాకపోతే?" అని మెల్లగా అడిగాను.

"వస్తారు."

"రాకపోతే ఏం చేస్తావే?"

ఆమె నావైపు చూసింది. నిన్న అది మేస్త్రీ ప్రాణం, ఇవాళ ఇది బాలింత ప్రాణం. చదవకుండా ఇచ్చినా ఆమెదే పాపం, ఇవ్వకుండా ఆపినా ఆమెదే పాపం. అడకత్తెరలో పోకచెక్క బతుకు. బల్లమీద బ్యాగుకి చెమట పట్టడం మొదలైంది. నేను ఇంతమంది దేవుళ్ళకి ఒకేసారి ఎప్పుడూ మొక్కలేదు.

నాలుగో నిమిషంలో మెట్లమీద బూట్ల చప్పుడు. డాక్టరుగారు ఆయాసపడుతూ వచ్చి, బల్లకి అటువైపు నిలబడి, ఫారం చేతికి అందుకోకుండానే, "సరే సరే, కానివ్వు, పంపించు" అన్నారు.

సరేనమ్మ బ్యాగు ఇవ్వలేదు.

"నేనింకా చదవలేదు సార్" అంది.

డాక్టరుగారు ఆమె మొహంలోకి చూశారు, తర్వాత తన చేతుల్లోకి చూసుకున్నారు. ఫారం అందుకుని, జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నారు. ఆమె చదవడం మొదలుపెట్టింది. అంకె, అంకె, అంకె. నిదానంగా, ఒక్కోదాని తర్వాత కొంచెం ఆగుతూ. ఆయన వేలు కాగితంమీద కదులుతోంది. ఉన్నట్టుండి ఆగింది.

"ఆగు. కలవట్లేదు" అన్నారు. ఆయన కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, "కాదు కాదు. నేను పై వరస చూస్తున్నాను. మళ్ళీ చదువు" అన్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె మళ్ళీ మొదటినుంచి చదివింది. ఈసారి అన్నీ కలిశాయి. "సరే" అన్నారాయన, చిన్నగా. ఆయా బ్యాగు అందుకుని పరిగెత్తింది. ఇదంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. సంతకం పెట్టేటప్పుడు ఆయన పెన్ను పట్టుకుని, రిజిస్టర్లో వెనక పేజీలు తిరగేశారు. వరసగా, ఒకే సిరాతో, ఒకే వాలుతో గీసిన రెండో సంతకాలు. పద్నాలుగు నెలలవి. ఏమీ అనకుండా మూసేసి వెళ్ళారు.

బాలింత బతికింది. మేస్త్రీ కూడా, కాలికి ఇనుప కడ్డీ వేశారు గానీ, బతికాడు. డాక్టరుగారు ఎనిమిది రోజులు ఆ మెట్లు దిగుతూ ఎక్కుతూ ఉన్నారు, రోజుకి ఏడెనిమిదిసార్లు. పద్నాలుగు నెలలు దొరకని మనిషి తొమ్మిదోరోజు దొరికాడు. మోకాళ్ళ నొప్పి ఎవరికి వస్తే వాళ్ళకి తెలుస్తుంది.

దాంతో అంతా చక్కబడిందని చెప్పను. సరేనమ్మ ఇప్పటికీ బస్సెక్కాక ఒకసారి ఫోన్ చేసి, "అక్కా, అంతా బానే ఉందా?" అని అడుగుతుంది. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు ఫోను నా దగ్గర వదిలేసి, వెనక ఆవరణలో ఎండ తగిలే అరుగుమీద కూర్చుని తింటుంది. ఆ ఇరవై నిమిషాల్లో ఎవరు చేసినా "తింటోంది" అని చెప్పడం నా పని. ఆ మాట ఎంత కటువుగా చెప్పాలో అంత కటువుగా చెబుతాను, అందులో నాకు భలే ఆనందం. బల్లమీద నీళ్ళసీసా కూడా పెట్టుకుంది. ఇంట్లో కూతురు ఏదడిగినా, "ఆగు, మళ్ళీ చెప్పు, ఏమడిగావు?" అంటోందట. మొదట్లో పిల్ల విసుక్కుందట. ఇప్పుడు రెండోసారి చెప్పేలోపే సగం కోరికలు తనే మానేస్తోందట.

మొన్న గురువారం రెండయింది. సరేనమ్మ సంచీ సర్దుకుంటోంది. నేను అలవాటు ప్రకారం చెప్పులేసుకుని, కిటికీ దగ్గరి సొరుగు తాళంచెవి ఆమెకి అందించబోయాను.

"కుదరదక్కా" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. తాళంచెవి అలాగే చాపి పట్టుకున్నాను.

"గురువారాలు ఇక ఉండలేనక్కా. ఇంటికెళ్ళి పడుకోవాలి" అంది. నావైపు చూడట్లేదు. సంచీ పట్టీని వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. డాక్టరుగారి ముందు కూడా అంత తడబడలేదు.

నాకు చురుక్కుమంది. ఇన్నాళ్ళూ ఆమెని అందరూ వాడుకుంటున్నారని ఊరంతా తిట్టిన నోరు నాది. ఆమె కాదనడం నేర్చుకుందని పదిమందికి గొప్పగా చెప్పుకున్నదీ నేనే. ఆ 'కాదు' నా కిటికీ దాకా వస్తుందని ఎందుకనుకోలేదో!

"కోపమొచ్చిందా అక్కా?"

"వచ్చింది" అన్నాను. "పోతుందిలే. నువ్వు బస్సు చూసుకో."

ఆమె నడవా చివరిదాకా వెళ్ళి ఒకసారి వెనక్కి తిరిగింది. తిరిగి వచ్చేస్తుందేమో అనుకున్నాను. నిజం చెబుతున్నాను, వస్తే బాగుండుననే అనుకున్నాను. రాలేదు. నేను చెప్పులు విప్పి కుర్చీకింద పెట్టి, ఇవాళ పిల్లని నువ్వే తెచ్చుకోవాలని మా అల్లుడికి ఫోన్ చేశాను.